నస్రీన్ ఆపా పేరు లేని ఒప్పందం

ఏ సంఘంల చేరాలె

పోయిన నెల మా గల్లీ పిల్ల శిరీష మా ఇంటికొచ్చింది. కొత్తగ టీచర్ ఉద్యోగమొచ్చింది. ఇంకా తన క్లాసు పిల్లల పేర్లు నోటికి రానేలేదట, గని అప్పుడే మూడు సంఘాలోళ్ళు రసీదు బుక్కులు పట్టుకొని వచ్చి కూసున్నరట.

"టీచర్, ఏ సంఘంల చేరమంటరు?" అని అడిగింది.

"ఎవరేం చెప్పిండ్రు?"

"ఒకాయన ట్రాన్స్‌ఫర్ మేం చూస్కుంటమన్నడు. ఇంకొకాయన సర్వీస్ బుక్కు పని చూస్కుంటమన్నడు. మూడో ఆయన మా సంఘం డైరీ మంచిగుంటది, క్యాలెండర్ కూడ ఇస్తమన్నడు."

"బడి గురించి ఎవరన్న మాట్లాడిండ్రా?"

"లేదు టీచర్."

నేను ముప్పై నాలుగేండ్లు సర్కారు బడులల్ల లెక్కలు చెప్పిన. అండ్ల సగం కంటె ఎక్కువ కాలం సంఘంల పని చేసిన. ఛత్రినాకల బర్లున్న ఇంట్ల పుట్టిన. మా బాపు పొద్దుగాల పాలు పోసి వచ్చి నన్ను సర్కారు బడిల దిగబెట్టేటోడు. ఆ బడే లేకుంటె నేను ఇప్పుడు పేడకడి ఎత్తుకుంట ఉండేదాన్ని. అందుకే బడి మీద నాకు ప్రేమ ఉన్నదని అందరికి చెప్పుకుంట తిరిగిన. ఆ ప్రేమ ఎంతదో కింద చదివితె మీకే తెలుస్తది.

నా ప్రమోషన్లు, నాకు కప్పిన శాలువలు ఇండ్ల రాయను. ఆ శాలువలు బీరువల పడి ఉన్నయి. కప్పుకుంటె కుచ్చుకుంటయి.

సంఘం వద్దని మాత్రం నేను చెప్పను. సంఘం లేని టీచర్‌ను ఆఫీసుల బంట్రోతు కూడ కూసోమనడు. సర్కారు ఖాళీ పోస్టులు నింపకుండ, గోడలు కూలుతుంటె చూసుకుంట, "పిల్లలు వస్తలేరు, ఏం చేస్తం?" అని అంటది. దాని మీద కొట్లాడాలంటె పది మంది కలవాల్సిందే. గని కలిసిన పది మంది దేని కోసం కలిసిండ్రో మర్శిపోతరు. అట్ల మర్శిపోయినోళ్ళల్ల నేను ఒకదాన్ని. అందుకే ఇది రాస్తున్న.

ఇరవై రెండో డిమాండ్

నేను సంఘంల కొత్తగ చేరినప్పుడు మా బడిల ఆడపిల్లలకు ఒకటే లెట్రిన్, దానికి తలుపు లేదు. పదో తరగతి పిల్లలు మధ్యాహ్నం అన్నానికని ఇంటికి పోతె మళ్ళ వచ్చేటోళ్ళు కాదు. మధ్యాహ్నం నేను త్రికోణమితి చెప్తె వినేటోళ్ళు మొగపిల్లలే. ఆడపిల్లలకు లెక్కలు రావని స్టాఫ్ రూంల పెద్ద పెద్ద సార్లు తీర్మానం చేసిండ్రు. లెక్కలు రాకపోవుడుకు, తలుపు లేకపోవుడుకు సంబంధం ఉన్నదని ఒక్కరికి తట్టలేదు.

మా సంఘం ప్రెసిడెంటు దామోదర్ సార్. ఎత్తు మనిషి, తెల్ల చొక్కా, మైకు అక్కెర లేని గొంతు. కాయిదాల మీద ఆయన కూడ లెక్కల సారే. గని బోర్డు మీద సుద్ద పెట్టి ఎన్నేండ్లయ్యిందో ఆయనకే యాది లేదు. సంఘం పని మీద తిరుగొచ్చని సర్కారు ఇచ్చే పర్మిషన్ ఒకటుంటది. దాని మీదనే ఆయన నౌకరి మొత్తం గడిచింది. ఆయన క్లాసు పిల్లలకు ఎవరు లెక్కలు చెప్పిండ్రని ఎవ్వరూ అడగలేదు. నేను కూడ అడగలేదు.

జిల్లా అధికారికి ఇచ్చే డిమాండ్ల కాయిదంల అప్పటికే ఇరవై ఒకటి ఉన్నయి. నేను భయపడుకుంట లేచి తలుపు సంగతి చెప్పిన.

"ఇది బడి లెవల్ ఇష్యూ అమ్మా," అన్నడు దామోదర్ సార్. నా మొకం చూసి మళ్ళ, "సరే, రాయి. ఇరవై రెండోది," అన్నడు.

నాకు మస్తు సంబురమైంది. అధికారి తోని మీటింగుకు నన్ను కూడ తీస్కపోయిండ్రు. నాలుగో డిమాండ్ కాడ చాయ్ వచ్చింది. ఏడో డిమాండ్ కాడ అధికారి గడియారం చూసుకొని లేచిండు. దామోదర్ సార్ కూడ లేచి, "మిగిలినవి చదివినట్టే అనుకోండి సార్," అని దండం పెట్టిండు. నా ఇరవై రెండోది చదివినట్టే అయ్యింది. నేను బయటికొచ్చి బస్సెక్కిన.

ఆ సంగతి మా బడి ఊడ్చే బాలమ్మకు చెప్పిన. బాలమ్మ పార్ట్ టైం మనిషి, గని బడి తాళం చెవులు ఆమె కొంగునే ఉండేటివి. ఆమె నా మాట పూర్తిగ వినలేదు. తెల్లారి పదకొండు మంది తల్లులను ఎంటబెట్టుకొని కార్పొరేటర్ ఇంటి గేటు ముందల కూసున్నది. ఆయన బయటికి రాంగనే, "సారూ, మీ ఇంట్ల మూడు బాత్రూంలున్నయట. ఒకటి మా పిల్లలకు ఇడువుండ్రి. పొద్దుగాల పంపిస్తం, సాయంత్రం తీస్కపోతం," అన్నది. నాలుగో నాడు మేస్త్రీ వచ్చి తలుపు పెట్టిపోయిండు.

ఇంత సక్కటి పాఠం కండ్ల ముందల జరిగింది. నేను నేర్వలేదు. మళ్ళొచ్చే యేడు కూడ డిమాండ్లకు నంబర్లు ఏసుకుంట కూసున్న. నన్ను ఏరియా సెక్రటరీని చేసిండ్రు.

నస్రీన్ ఆపా

నడుమల ఏడేండ్లు వేరే బడులల్ల చేసి మళ్ళ అదే బడికి వచ్చిన. ఒక్క కాంపౌండ్ల ఒకటి నుంచి పది దాంక రెండు మీడియంలు, ఒక దిక్కు తెలుగు, ఇంకొక దిక్కు ఉర్దూ. ఉర్దూ మీడియంల లెక్కలు, సైన్సు చెప్పేది నస్రీన్ ఆపా, అంటె నస్రీన్ అక్క. పర్మనెంట్ కాదు, విద్యా వాలంటీర్. పేరు ఎంత పవిత్రంగ ఉన్నదో చూడుండ్రి! పని మొత్తం టీచర్‌ది, హక్కు మాత్రం ఒక్కటి లేదు. ఏప్రిల్ల బడి మూతపడంగనే తీసేస్తరు. జూన్ల మళ్ళ కొత్త మనిషి లెక్క దరఖాస్తు పెట్టుకోవాలె. నేను వచ్చేనాటికి ఆమె అట్ల ఆరు సార్లు కొత్తగ చేరింది.

బహదూర్‌పురా కెళ్ళి రెండు ఆటోలు మారి వచ్చేది. బుర్ఖా తీసి తలుపు ఎనక మొలకు తగిలేసి, హాజరు కూడ పిలవకుండ పాఠం మొదలుపెట్టేది. ఒకనాడు చూస్తె ఆరో తరగతి పిల్లలను మెట్ల మీద నిలబెట్టింది. గడప సున్న. పైకి పోయే మెట్లు ప్లస్, కింద నీళ్ళ సంపు దిక్కు దిగే మెట్లు మైనస్. "మైనస్ దో సే పాంచ్ ఊపర్ చలో!" అంటె కింద రెండో మెట్టు మీదున్న ఒక పిల్ల అయిదు మెట్లు పైకి ఉరికి మూడో మెట్టు మీద నిలబడ్డది. నేను అన్నేండ్ల సంది సుద్దముక్క తోని గీతలు గీసి చెప్పింది, ఆమె పది నిమిషాలల్ల చెప్పింది. నేను సిగ్గుపడి, తెల్లారి నా క్లాసుకు కూడ అదే మెట్లు వాడుకున్న.

ఇట్లాంటి మనిషిని స్టాఫ్ ఫొటోల చివరికి నిలబెట్టేటోళ్ళు. కొందరు టీచర్లు, "ఆమెది నౌకరీనా?" అని నవ్వేటోళ్ళు. గట్ల నవ్వినోళ్ళ పిల్లలు ప్రైవేటు కాన్వెంట్లల్ల సదివేటోళ్ళు. తాము చెప్పే బడి తమ పిల్లలకు పనికి రాదని వాళ్ళకు ముందే తెలుసు. గని ప్రభుత్వ విద్యను కాపాడాలని బ్యానర్ మాత్రం వాళ్ళే పట్టుకునేటోళ్ళు.

సమ్మె

సమ్మెకు నోటీసు ఇచ్చినం. జీతాల సవరణ, ఖాళీ పోస్టులు, బడులకు నిధులు, ఇంకా కొన్ని. అయిదో నంబరు డిమాండ్ విద్యా వాలంటీర్లను పర్మనెంట్ చేయాలని. అది రాసింది నేనే.

అప్పుడు మా హెడ్మాస్టర్ వెంకటరత్నం గారు. కోస్తా దిక్కు నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడ్డ మనిషి. ఎప్పుడు భయమే. ఆఫీసు ఫోన్ మోగితె కుర్చీల నుంచి లేచి మాట్లాడేటోడు. నన్ను పిలిచి మెల్లగ అన్నడు:

"ప్రమీల గారూ, మీరు సమ్మె చేసుకోండి, నేనేమీ అననండి. కానీ ఆ నస్రీన్ గారిని లాగకండి. రేపు ఏదైనా జరిగితే మనకి రూల్సున్నాయి. ఆవిడకి ఏమున్నాయండీ?"

"సంఘం ఉన్నది సార్," అన్న.

మనసుల మాత్రం పిరికోడు అనుకున్న. ఆ రోజు సక్కగ మాట్లాడింది మా ఇద్దరిల ఆయన ఒక్కడే.

నస్రీన్ ఆపా ఎంబడే ఒప్పుకోలేదు. "మేడం, నేను వస్తె నన్ను తీసేస్తరు. ఇంట్ల నా సంపాదన మీదనే నడుస్తున్నది," అన్నది.

"మీ డిమాండ్ అయిదో నంబరు ఆపా. మీరే రాకుంటె మేమెట్ల అడుగుతం? మీ ఎనక మేమున్నం. నా జిమ్మేదారి."

"సచ్చీ? నిజంగనా?"

"సచ్చీ."

ఆమె వచ్చింది. ఆమెను చూసి ఇంకా పది మంది వాలంటీర్లు వచ్చిండ్రు. ధర్నా టెంట్ల ఆమె మైకు పట్టుకొని దక్కనీ ఉర్దూల మాట్లాడితె రోడ్డు మీద పోయెటోళ్ళు కూడ బండ్లు ఆపి విన్నరు. దామోదర్ సార్‌కు మస్తు నచ్చింది. "ఆ ఆపాను ముందు వరుసల కూసోబెట్టు, పేపర్ల ఫొటో మంచిగొస్తది," అన్నడు. వచ్చింది. ఆ ఫొటోనే తర్వాత ఆఫీసుల ఆమె మీద సాక్ష్యమైంది.

ఒక్క లైను

చర్చలకు పిలిచిండ్రు. ఆరుగురం పోయినం. జీతాల సంగతి కాడ గట్టిగ కొట్లాడినం, బల్ల కూడ గుద్దినం. నిధుల సంగతి కాడ గొంతు తగ్గింది. అయిదో నంబరు కాడికి వచ్చేసరికి దామోదర్ సార్ నా దిక్కు వంగి, "ఇది పట్టుకుంటె మొత్తం ఆగుతది," అన్నడు.

కాయిదం మీద ఒక్క లైను రాసిండ్రు: 'విద్యా వాలంటీర్ల అంశాన్ని సానుభూతితో పరిశీలిస్తారు.'

"సార్, సమ్మెల ఉన్న వాలంటీర్లను తీసెయ్యొద్దని ఒక ముక్క రాయిద్దాం," అన్న.

"నోటి మాట తీసుకున్నం కదమ్మా. అన్నీ రాతల ఉంటయా?"

మా జీతాల సంగతి మాత్రం రాతలనే ఉన్నది. అయినా నేను ఇంకొక మాట అడగలేదు. సంతకం చేసిన. ఆరు సంతకాలల్ల నాది అయిదోది.

బయట రంగులు చల్లుకున్నరు. పటాకులు కాల్చిండ్రు. నాకు కూడ గులాల్ పూసిండ్రు. ఇంటికి పోయి కడుక్కుంటె పోయింది.

తెల్లారి నస్రీన్ ఆపా బడికొచ్చి సంతకం చేద్దామని రిజిస్టర్ దగ్గర పెట్టుకున్నది. అదే టైముకు హెడ్మాస్టర్‌కు ఫోనొచ్చింది. ఆయన లేచి నిలబడి విన్నడు. "అలాగేనండి" అని పెట్టేసి, ఆమె ముందల నుంచి రిజిస్టర్ మెల్లగ జరిపిండు.

"నన్ను క్షమించండమ్మా. పైనుంచి ఆర్డరు. సంతకం పెట్టనివ్వొద్దన్నారు."

ఆమె ఆయనను చూడలేదు, నా దిక్కు చూసింది. "మేడం?"

"రెండు రోజులల్ల సెట్ అయితది ఆపా," అన్న.

ఆమె మొలకున్న బుర్ఖా తీసుకొని ఏసుకున్నది. ఉర్దూ మీడియం పిల్లలు వరండాల నిలబడి చూసిండ్రు. రెండు రోజులు కాదు, రెండేండ్లయినా సెట్ కాలేదు.

వారం తర్వాత ఒప్పందం కాపీ పట్టుకొని బహదూర్‌పురాల ఆమె ఇంటికి పోయిన. చిన్న అర్ర. నేల మీద ఎనిమిది మంది ట్యూషన్ పిల్లలు. ఆమె చాయ్ పెట్టిచ్చింది. కాయిదం చేతిల పట్టుకొని ఆ లైను మీద వేలు పెట్టింది.

"సానుభూతి అంటే ఏంది మేడం?"

"హమ్‌దర్దీ."

"పరిశీలిస్తరు అంటే?"

"గౌర్ కరేంగే."

ఆమె ఆ కాయిదం మంచిగ మడత పెట్టి నాకే ఇచ్చింది. "ఇది మీ దగ్గరనే ఉంచుకోండి. ఇండ్ల నా పేరు లేదు కదా," అన్నది. చాయ్ తాగుమని మళ్ళ చెప్పింది. కోపం చేసినా బాగుండు అనిపించింది. పిల్లలకు పాఠం ఆగిందని ఆమె లేచింది. నేను కూడ లేచి వచ్చిన.

జుమ్మా నాటి లెక్క

టీచర్ లేని క్లాసుల పిల్లలు ఎన్ని రోజులు కూసుంటరు? ఆమె జాగల ఎవరినీ పంపలేదు. మొదటి యేడు కొందరు పోయిండ్రు, రెండో యేడు ఇంకా కొందరు. మొగపిల్లలు మెకానిక్ షెడ్లకు, గాజుల దుకాణాలకు పోయిండ్రు. ఆడపిల్లలు ఇంట్ల కూసున్నరు. మాకు మాత్రం సవరణ జీతం వచ్చింది. స్టాఫ్ రూంల కొత్త ఫోన్లు కనవడ్డయి.

అప్పుడు ఆఫీసు కెళ్ళి మాట వచ్చింది. పిల్లలు తక్కువున్న బడులను పక్క బడులల్ల కలుపుతరట. ముందు టీచర్‌ను తీసెయ్యి, తర్వాత పిల్లలు పోయిండ్రని బడిని తీసెయ్యి. మా పిల్లలు పోవాల్సిన బడి మెయిన్ రోడ్డు అవతల ఉన్నది.

పిల్లలను లెక్కపెట్టనీకి ఒక అధికారి వచ్చిండు. ఏనాడు వచ్చిండు? బోనాలకు ముందు శుక్రవారం, అది కూడ ఒంటిగంటకు. సగం మంది నమాజుకు పోయిండ్రు. మిగిలిన దాంట్ల సగం మంది పండుగ పనికి ఇండ్లల్ల ఉన్నరు.

"సార్, ఈ రోజు జుమ్మా కదండీ, పైగా బోనాలు. సోమవారం వస్తే..." అన్నడు వెంకటరత్నం గారు.

"ఉన్న తలకాయలే లెక్క. లేని తలకాయలు నేనెట్ల లెక్కపెడత?" అని ఫోన్ల ఫొటో కొట్టుకొని పోయిండు.

నేను దామోదర్ సార్‌కు ఫోన్ చేసిన.

"ఎందుకు పరేషాన్ అయితవమ్మా? బడి పోతె మన పోస్టులు పోవు. పక్క బడిల అడ్జస్ట్ చేస్తరు."

"పిల్లలు సార్?"

"పిల్లలు ఎటన్న అడ్జస్ట్ అయితరు. నువ్వు లొల్లి చెయ్యకు. ఇప్పుడు ప్రమోషన్ల ఫైలు నడుస్తున్నది."

ఫోన్ పెట్టేసి వరండాల కూసున్న. ఆయన మీద ఎంత అసహ్యం కలిగిందో చెప్పలేను. గని ఆ మాటలు నాకు కొత్త కావు. రెండేండ్ల కింద నేను నస్రీన్ ఆపాను అడ్జస్ట్ చేసిన. ఆయన ఇప్పుడు బడి మొత్తాన్ని చేస్తున్నడు, అంతే తేడా.

రోడ్డు దాటుడు

బాలమ్మ ఈ సారి కూడ నా మాట పూర్తిగ వినలేదు. ఇంటింటికి తిరిగింది. విలీనం కాయిదం పట్టుకొని అదే అధికారి వచ్చే రోజు తెలుసుకొని, పొద్దుగాల నలభై మంది తల్లులను, వాళ్ళ పిల్లలను గేటు కాడ నిలబెట్టింది. ఒక పక్కకు నస్రీన్ ఆపా కూడ ఉన్నది. పిలిచింది బాలమ్మనే. నాకు పిలిచే మొకం లేకుండె.

అధికారి బండి దిగంగనే బాలమ్మ ఎదురుబోయింది.

"సారూ, మేం కాదంటలేం. మీరు పొమ్మన్న బడికి పోతం. గని మాకు తొవ్వ తెల్వది. జెర నడిచి చూపియ్యుండ్రి."

"అడ్రస్ కాయిదంల ఉన్నదమ్మా."

"మాకు సదువు రాదు సారూ. అందుకే కదా పిల్లలను బడికి తోలుతున్నం."

చుట్టూత ఫోన్లు లేచినయి. అన్ని కెమెరాల ముందల ఆయన కాదనలేకపోయిండు. నడిచిండు. ఎనక అందరం నడిచినం. గల్లీ దాటి, మూత లేని నాలా పక్కకెళ్ళి మెయిన్ రోడ్డు మీదికి వచ్చినం. సిగ్నల్ లేదు. బస్సులు, లారీలు, షేర్ ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంట పోతున్నయి.

నస్రీన్ ఆపా ముందుకొచ్చింది. ఒకటో తరగతి పిల్ల చేయి తెచ్చి ఆయన చేతిల పెట్టింది.

"సర్, ఈమె పేరు ఆయెషా. రోజు రెండు సార్లు దాటాలె. ఆజ్ ఆప్ పార్ కరా దీజియే, ఈ రోజు మీరే దాటియ్యుండ్రి."

ఆయన ఒక అడుగు ఏసిండు, ఎనకకు వచ్చిండు. మళ్ళ ఏసిండు. ఒక ఆటో హారన్ కొట్టుకుంట మోకాలు కాడికెళ్ళి పోయింది. ఆయెషా ఏడ్సుడు మొదలుపెట్టింది. మూడోసారి రోడ్డు నడుమ దాంక పోయిండు. అటు కెళ్ళి బస్సు, ఇటు కెళ్ళి లారీ. పిల్లను ఎత్తుకొని రొమ్ముకు అదుముకొని అట్లనే నిలబడ్డడు. మేమందరం అరిచినం. ట్రాఫిక్ జెర తగ్గంగనే ఉరికొచ్చి పిల్లను తల్లి చేతికిచ్చిండు. అంగి మొత్తం తడిసింది.

"చాలు," అన్నడు. "పోదాం పాండ్రి."

మీరు అనుకునేటంత చెడ్డ మనిషి కాదాయన. మ్యాపు మీద రోడ్డు ఒక గీత లెక్క కనవడుతది. ఆయన అప్పటిదాంక ఆ గీతనే చూసిండు. అట్ల గీతలు చూసి సంతకాలు చేసేటోళ్ళ చేతులనే మన బడులున్నయి.

విలీనం ఆగింది. 'తాత్కాలికంగా వాయిదా' అని కాయిదం వచ్చింది. మూడో నాడు గల్లీ మూలకు పెద్ద ఫ్లెక్సీ లేచింది: 'బడిని కాపాడిన ఉద్యమ నేతకు శుభాకాంక్షలు.' నడుమల దామోదర్ సార్, రెండు చేతులెత్తి. బాలమ్మ అది చూసి, "ఈ సార్ ఎవరు బిడ్డా? ఆ రోజు రోడ్డు మీద కనవడలె?" అన్నది. ఆ ఫ్లెక్సీ మీద కింద మూలకు నా ఫొటో కూడ ఉండె.

అఫిడవిట్

బడి నిలిచింది, గని నస్రీన్ ఆపా నౌకరి రాలేదు. ఆమె, ఇంకొక ముగ్గురు వాలంటీర్లు కలిసి కోర్టుకు పోయిండ్రు. ఆఫీసోళ్ళు జవాబుల ఏం రాసిండ్రంటె, ఆమె తనంతట తానే మానేసిందట. సమ్మెల ముందు వరుస ఫొటో కూడ జోడించిండ్రు.

నస్రీన్ ఆపా నన్ను ఏమీ అడగలేదు. ఆమె వకీలు ఫోన్ చేసింది. చిన్న వయసు పిల్ల. "మేడం, సమ్మెకు ఆమెను పిలిచింది మీరేనట. తెల్లారి ఆమె బడికి వచ్చిందని, సంతకం పెట్టనియ్యలేదని మీరు చూసిండ్రట. రాసిస్తరా?"

గంటల్నే దామోదర్ సార్ ఫోన్. ఎట్ల తెలిసిందో నాకు ఇప్పటికీ తెల్వదు.

"ప్రమీలమ్మా, ఆ ఒప్పందం మీద నీ సంతకం కూడ ఉన్నది. సంఘం ఇజ్జత్ తీస్తవా? రిటైర్మెంట్ ముందల నీకీ ఫికర్ ఎందుకు? ఆమె మానేసిందని ఊకుంటె అందరికి మంచిది."

"ఆమెకు కూడనా సార్?"

ఫోన్ పెట్టేసిండు.

ఆ తర్వాత వెంకటరత్నం గారి ఇంటికి పోయిన. అప్పటికి ఆయన రిటైర్ అయిండు. నన్ను చూసి ఎందుకొచ్చిన్నో అడగలేదు. లోపలికి పోయి ఒక కాయిదం తెచ్చిండు. ఆ నాటి బడి డైరీ పేజీ నకలు, రిటైర్ కాకముందే తీసి, సంతకం, ముద్ర ఏసి పెట్టుకున్నడు. అండ్ల ఆయన గుండ్రటి రాత: నస్రీన్ గారు ఎన్ని గంటలకు వచ్చింది, ఫోన్ ఎన్ని గంటలకు వచ్చింది, ఎవరు చేసిండ్రు, ఏమన్నరు.

"నాకు ధైర్యం లేదండీ," అన్నడు. "కానీ జరిగింది రాసిపెట్టే అలవాటుంది."

అన్నేండ్లు నేను ఆయనను చూసి నవ్విన. నాకు మైకు ముందల ధైర్యముండె, బల్ల గుద్దే ధైర్యముండె. ఆయనకు డైరీ రాసేటంతనే ఉండె. పనికొచ్చింది అదే.

నేను అఫిడవిట్ రాసిచ్చిన. సమ్మెకు పిలిచింది నేనేనని, ఆమె సంగతి నా జిమ్మేదారి అని చెప్పి ఒప్పందంల ఇడిసిపెట్టింది కూడ నేనేనని, ఆమె మానేసుడు అబద్ధమని. సంఘం నాకు నోటీసు ఇచ్చింది, క్రమశిక్షణ తప్పిన అని. జవాబియ్యలె. తీసేసిండ్రు. నాతోని ఇరవై ఏండ్లు చాయ్ తాగినోళ్ళు స్టాఫ్ రూంల కుర్చీ జరుపుకొని కూసున్నరు.

మన కింద పని చేసేటోళ్ళను ఇడిసిపెట్టి చేసుకున్న ఒప్పందం ఏదైనా సరే, అది గెలుపు కాదు. సంతకం పెట్టే ముందల అక్కడ లేని మనిషి పేరు కాయిదంల ఉన్నదా లేదా చూడుండ్రి. లేకుంటె లేచి బయటికి రాండ్రి. నేను రాలేదు కాబట్టే ఇంత గట్టిగ చెప్తున్న.

కోర్టు ఆ నలుగురి దిక్కే తీర్పు ఇచ్చింది. పర్మనెంట్ టీచర్లు వచ్చేదాంక వాళ్ళనే పనిల ఉంచాలని. పర్మనెంట్ చెయ్యమని కాదు. నలుగురికే. మిగిలిన వాలంటీర్ల గతి ఏమైందో చాలా మందిది నాకు తెల్వది.

ఆర్డర్ కాపీ చేతికొచ్చిన రోజు నేను సెలవు పెట్టి నయాపూల్ల ఉన్న కోర్టు కాడికి పోయిన. నస్రీన్ ఆపా కాపీని ప్లాస్టిక్ కవర్ల పెట్టి పట్టుకున్నది. వకీలు పిల్ల, మిగిలిన ముగ్గురు అలాయి బలాయి ఇచ్చుకుంటున్నరు. నేను జెర దూరంల నిలబడ్డ. అందరూ పోయినాక ఆమె దగ్గరికి పోయిన.

"ఆపా, నన్ను మాఫ్ చెయ్యుండ్రి," అన్న.

ఆమె నన్ను సూటిగ చూసింది. కోపం లేదు, నవ్వు లేదు.

"అఫిడవిట్ ఇచ్చినందుకు శుక్రియా మేడం," అన్నది. "మాఫీ సంగతి నన్ను ఇప్పుడు అడగకుండ్రి. ఈ రోజే జాయిన్ అయితున్న. పదకొండింటికి ఎనిమిదో తరగతి. మూడేండ్ల సంది వాళ్ళకు లెక్కలు లేవు, ఎక్కడికెళ్ళి మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు."

ఆటోను చెయ్యెత్తి ఆపింది. రేటు కూడ మాట్లాడకుండ ఎక్కింది. డ్రైవర్‌కు బడి పేరు చెప్పి, "జల్దీ చలో భాయ్," అన్నది.